సముద్రపు చేపకు పిడుగురాళ్ల ఇసుక

ఈమధ్య హైదరాబాదులో ఒక అక్వేరియం దుకాణంలో అడుగుపెట్టాను. ఉప్పునీటి చేపల తొట్టెలో పరిచే ఇసుకట, పొట్లాలు కట్టి అమ్ముతున్నారు. "దీంట్లో సున్నం కలిసి ఉంటుంది, అవన్నీ మీకు తెలియవులెండి" అన్నాడు దుకాణదారు. నాకు తెలియదట! ఆయన తండ్రి నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే నరసరావుపేటలో నా సోడాకొట్టు బల్లమీద తేలిపోయిన సంగతి అది.

అప్పటికి నాగార్జునసాగర్ డ్యాము ఇంకా కడుతూనే ఉన్నారు. నాకు కొత్తగా పెళ్లయింది. ఆవిడది బాపట్ల అవతల సముద్రపొడ్డు ఊరు. మా ఊరొచ్చి, ఇక్కడ గాలి ఎందుకు వీయదని నన్ను నిలదీసేది, నేనేదో ఆపేసినట్టు. ఒకసారి ఆవిడ తమ్ముడు మట్టికుండలో సముద్రపు నీళ్లూ, అందులో వేలెడు చేపా పట్టుకొచ్చి, "అక్కా, నీకు తోడు" అని ఇచ్చి పోయాడు. నేను అద్దాల పెట్టె కట్టించి, సందులకు లప్పం పెట్టించి, వెలుతురు ఉంటుందని కొట్లోనే పెట్టాను.

చేప ఎండురొయ్య ముట్టదు. ఈ మూల నుంచి ఆ మూలకు పరుగెత్తి ముక్కు అద్దానికి కొట్టుకుంటుంది.

"దానికి ఇసకేదండీ? ఇసకలో దూరి కళ్లు మాత్రం బైటపెట్టి పడుకునే జాతి అది" అంది మా ఆవిడ.

"కుండెడు నీళ్లు మోసినోడు గుప్పెడు ఇసక తేలేకపోయాడా మీ తమ్ముడు?"

"ఇసక లేని ఊళ్లో అక్కనిచ్చారని వాడికేం తెలుసు? అది చచ్చిందంటే మాత్రం నేను రైలెక్కుతా. చెప్తున్నా."

నవ్వుతూ అన్న మాట కాదు.

పక్కింటి తాపీమేస్త్రిని నేను మామా అని పిలిచేవాణ్ణి. సంగతి విని తట్టెడు వాగు ఇసుక తెచ్చాడు. "ఇసకంటే ఇదిరా అల్లుడూ! చేత్తో నలిపితే కరకరలాడాల. గోడ ఇనుమల్లే ఉంటది."

"నేను గోడ కట్టట్లా మామా."

"ఏది కట్టినా ఇదే ఇసక!"

పరిచాం. చేప ఒక్కసారి తల దూర్చి, మూతి గీరుకుని, బెదిరిపోయి పైకి తేలింది. మా ఆవిడ ఇంట్లోకి వెళ్లి ట్రంకుపెట్టె దులపడం మొదలుపెట్టింది.

నేను మూడో తరగతితో బడి మానినవాణ్ణే. అయినా ఊరి గ్రంథాలయంలో అచ్చులో ఉన్నదల్లా చదివేవాణ్ణి. సముద్రపు ఇసుకలో గుల్లల పొడి కలిసి ఉంటుందనీ, గుల్లంటే సున్నమేననీ ఎక్కడో చదివింది గుర్తొచ్చి ఎగిరి గంతేశాను. మా పలనాటి రాయి సున్నపురాయే కదా! పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనిచేసే మా చిన్నాన్నకు లారీ డ్రైవరుతో కబురుపెట్టాను: తెల్ల రాతిపొడి, మెత్తటిది, శుభ్రమైనది, ఒక గోతం.

వచ్చింది. బొంబాయి రవ్వలా ఉంది. చేప ఉన్న పెట్టెలో వేయకముందే, అది గమనించండి, విడిగా ఇనపతొట్లో పోసి నీళ్లు గుమ్మరించాను. తొట్టి ముందు బుసకొట్టింది, తర్వాత కుతకుత ఉడికింది. బల్లమీద కునుకుతున్న మేస్త్రి మామ ఒక్క ఉదుటున గోడెక్కాడు. "ఒరేయ్, పులుసు కాస్తున్నావేందిరా!" అంతే, బజారంతా పోగయింది.

మండిపడుతూ పిడుగురాళ్ల వెళ్లాను. నా కంటే మా చిన్నాన్నే ఎక్కువ మండిపడ్డాడు.

"శుభ్రమైంది కావాలన్నావుగా! అందుకే బట్టీలో కాలింది ఏరి పంపిచ్చా. కాలినాక ఇంక పురుగుంటదా, మురికుంటదా? పచ్చిరాయి పొడి మీద లారీలు తిరుగుతయ్, జనం ఉమ్ముతారు."

నీళ్లు పడితే కాల్చిన సున్నం ఉడకదా మరి! బట్టీ దగ్గర పుట్టి పెరిగిన మనిషికి కాల్చడమే కడగడం. ఆయనతో ఏం వాదిస్తాం?

"ఉమ్మినా సరే చిన్నాన్నా, కాల్చంది ఇయ్యి."

పచ్చిరాయి పొడిని పిండి జల్లెడతో జల్లించాను. జల్లెడ గురించి పడ్డ తిట్లు ఇక్కడ రాయను. పాలలాంటి తెలుపు పోయి తేట నీళ్లు వచ్చేదాకా కడిగాను. మా ఆవిడ చిటికెడు తీసుకుని తన చెంపకు రాసుకుని చూసింది. గీరలేదు. "ఊఁ" అంది.

వాగు ఇసుక ఎత్తేసి ఇది పరిచిన కాసేపటికి చేప ఒక చుట్టు తిరిగి, తోక విదిలించి, మాయమైంది. ఆవగింజల్లాంటి రెండు కళ్లు మిగిలాయి. సాయంత్రానికి రొయ్యముక్క కూడా మాయమైంది.

గెలిచాననుకున్నాను. పులుసు కథ విన్న జనం సముద్రపు చేపను చూద్దామని ఎగబడ్డారు.

"ఏదిరా చేప?"

"ఇసకలో ఉంది."

"ఇసక చూపిచ్చి సోడాలు అమ్ముతున్నావేంది?"

"నా ఇసకయితే చేప పైనే ఉండేది" అన్నాడు మేస్త్రి మామ, సిగ్గులేకుండా. ఆ పెట్టెలో అసలు చేపే లేదని ప్రమాణం చేసేవాళ్లు ఆ బజార్లో ఇప్పటికీ ఉన్నారు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

నేను గొంతు పోయేలా అరుస్తుంటే, అంతవరకూ కొట్టు గడప దాటని మా ఆవిడ స్టూలు లాక్కుని పెట్టె పక్కన కూర్చుంది.

"అటు కాదన్నా, ఇటు చూడు. అయిగో కళ్లు. అద్దం కొట్టబాకండి, ఇప్పుడే కుదురుకుంది. చూసే ఓపిక లేనోళ్లు సోడా తాగి పోండి."