రెండంచుల పాఠం

మా బాబాయి నలభై ఏళ్లుగా కత్తులకూ కత్తెరలకూ సానపడుతున్నాడు. ఐస్ హాకీ జట్టువాళ్ల స్కేట్లు, అంటే అడుగున ఉక్కు పలక ఉండే బూట్లు, మొదటిసారి చేతికొస్తే, వాటినీ కత్తుల్లాగే ఒకే అంచుకు నూరిపారేశాడు. కెప్టెన్ పిల్ల మంచు మీద అడుగుపెట్టగానే వెల్లకిలా పడింది. బాబాయికి ముచ్చెమటలు పోశాయి. ఆ పిల్ల మాత్రం నడుం పట్టుకుని నవ్వుతూ వచ్చింది.

"దీనికి రెండంచులుండాలి బాబాయ్, మధ్యలో గాడి పడాలి," అని వేలితో గీసి చూపించింది.

నిన్న, బాబాయి గాడి పెట్టి నూరిచ్చిన స్కేట్లతోనే, జట్టు జాతీయ జూనియర్ పోటీల ఫైనల్ గెలిచింది. అందరూ కప్పు చుట్టూ మూగితే, ఆ కెప్టెన్ పిల్ల స్కేట్లైనా విప్పకుండా మైదానం పక్కనే బాబాయి సానపట్టే గదికొచ్చింది.

"మంచు మీద పట్టు అదిరిపోయింది బాబాయ్!"

బాబాయి తల ఎత్తకుండా, తుడిచిన సానచక్రాన్నే మళ్లీ తుడిచాడు. కత్తి కొయ్యట్లేదని తిట్టడానికి వచ్చినవాళ్లు బోలెడుమంది. బాగుందని చెప్పడానికి వెనక్కి వచ్చిన మనిషి, నలభై ఏళ్లకు, ఈ పిల్లే.