మణి అన్నం ముట్టని ఆడినెల

ఆ రోజుల్లో నా తల మీద జుట్టుండేది. ఈ మాటంటే మా పాప నవ్వుతుంది, మా ఆవిడ పెళ్లి ఫోటో తెచ్చి చూపిస్తుంది (అందులో అప్పటికే కొంచెం తగ్గింది). కానీ నిజంగానే ఉండేది. నుదుటి మీద పడి, చేత్తో వెనక్కి తోస్తే మళ్లీ పడేంత ఒత్తుగా ఉండేది. చదువు ముగించి అంబత్తూరు వైపు ఒక కంపెనీలో కొత్తగా పనికి కుదిరిన రోజులవి. పూండి దగ్గరి మా పల్లె నుంచి పొద్దున్నే బస్సు పట్టుకుని తిరువళ్లూరు చేరి, అక్కడ లోకల్ రైలెక్కి తలుపు దగ్గర నిలబడేవాణ్ణి. గాలికి జుట్టెగిరేది. లోకమంతా నన్నే చూస్తోందనుకునేవాణ్ణి. లోకమంతా నిలబడటానికి చోటు వెతుక్కుంటోందని చాలా రోజులకు గానీ తెలియలేదు.

ఇప్పుడు ఆ పొద్దులను తలుచుకుంటే అన్నిటికంటే ముందు పూండి చెరువు మీది గాలి గుర్తొస్తుంది. ఇంకా సరిగా తెల్లారని వేళ, పెరట్లో కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగుతుంటే, ఆ పొగ గాలికి వంగి వేపచెట్టు దాకా పోయేది. ఆ పొగలో మా అవ్వ అటూ ఇటూ కదులుతూ కనిపించేది, ఆమె వెనకే బెల్లం రంగులో మణి. మణి మా కుక్క. అసలు చెప్పాలంటే మా తాత కుక్క. తాత పెరటి తిన్నె మీద కూర్చుని అన్నం తింటుంటే వాడు ఎదురుగా కూర్చుని చూసేవాడు. తాత తినడం అయిపోయాక చివరి ముద్ద పెరుగుతో బాగా పిసికి వాడి ముందు పెట్టేవాడు. తాత పోయాక వాడు అవ్వ పక్షం చేరాడు. పొద్దున వంట కాగానే అవ్వ పెరటి గోడ మీద కాకికి ముద్ద పెట్టేది, తరవాత మణికి పెట్టేది, ఆ తరవాతే మా వంతు. రోజూ కళ్లముందు జరిగేదే గనుక మేమెవరమూ దాన్ని ప్రత్యేకంగా చూసేవాళ్లం కాదు.

ఆ ఆడినెలలో, అంటే అరవవాళ్ల ఆషాఢంలో, అవ్వకు మోకాలి ఆపరేషన్ అయింది. మా ఇంట్లో అన్నీ ఎత్తు గడపలే, నడక కష్టమని తిరుత్తణిలో ఉన్న మా అత్త (నాయనకు చెల్లెలు) ఆమెను తన ఇంట్లో పెట్టుకుంది. పోతూ పోతూ అవ్వ ఇల్లంతా అప్పగింతలు పెట్టింది. కాకి ముద్ద మరిచిపోవద్దని అమ్మకు చెప్పింది. నన్ను దగ్గరికి పిలిచి, "వాడు తిన్నాకనే నువ్వు రైలెక్కాల. నేనొచ్చే తలికి వాడు చిక్కిపోయి ఉంటే నీతో మాట్లాడను పో" అంది. సరేనన్నాను. కుక్కకు అన్నం పెట్టడం కంప్యూటర్ ముందు కూర్చోవడం కంటే కష్టం కాదు కదా అనుకున్నాను.

మర్నాటి నుంచి మణి అన్నం ముట్టలేదు.

మొదట అందరమూ దాన్ని తేలిగ్గా తీసుకున్నాం. వాడి పళ్లెం అదే, వాడు తినే చోటు అదే, అన్నమూ అవ్వ పెట్టినట్టే రసం పోసి పిసికిందే. వాడు దగ్గరికి వచ్చి వాసన చూసేవాడు, తోక మర్యాదగా ఒకసారి ఊపేవాడు, పోయి గోడవారన పడుకునేవాడు. మరీ బతిమాలితే ఒక బిస్కెట్టు తీసుకునేవాడు, అదీ మా మనసు నొప్పించడం ఇష్టం లేక తీసుకున్నట్టుండేది. అమ్మ దిష్టి తగిలిందంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేస్తే ఇల్లంతా దగ్గింది, మణి కూడా దగ్గాడు, ఆ పైన అన్నం మాత్రం తినలేదు. నాయన లెక్క వేరే. ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి కొండ మీది సామికి కావడి ఎత్తే ఇల్లు మాది, ఆ నెలంతా పొయ్యి మీద మాంసం ఎక్కదు. వాడికి ఆదివారం ఎముక దొరకలేదు కాబట్టి అలిగాడని నాయన తీర్పు. ఆ తీర్పును పరీక్షించడానికి మా మేనమామ తిరువళ్లూరు నుంచి బిర్యానీ తెచ్చాడు. అది గేటు లోపలికి రాకూడదని అమ్మ గట్టిగా చెప్పడంతో రోడ్డు మీదే ఆకు పరిచి మణిని పిలిచాం. వాడు చూశాడు. మొహం తిప్పుకున్నాడు. బిర్యానీని కాదన్న ప్రాణిని జీవితంలో మొదటిసారి చూశాడు మామ. తరవాత ఆకు ముందు తనే కూర్చున్నాడు.

నేను చదువుకున్నవాణ్ణి గనుక ఫోన్ తీశాను. కుక్క అన్నం తినకపోవడానికి కారణాలేమిటని వెతికితే, రైలు ఆవడి దాటేలోపు మణికి లేని రోగం లేదని తేలింది. పంటి నొప్పి, పొట్టలో పురుగులు, కాలేయం, కిడ్నీలు, మనోవ్యాకులత. ఆ చివరిది చదివినప్పుడు నాకూ అదే ఉందేమోనని అనుమానం వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి వాడి నోరు తెరిచి పళ్లు చూశాను, కళ్ల కింద రెప్ప లాగి చూశాను. వాడు ఓర్చుకున్నాడు. అప్పుడే చేతికి వాడి పక్కటెముకలు తగిలాయి. ఫోన్‌లో చదివినదంతా ఒక్కసారి నిజమైపోయింది, నాకు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో తాత గుర్తుగా మిగిలింది వాడొక్కడే, వాణ్ణి నాకప్పగించి పోయింది అవ్వ.

అవ్వ రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. తన మోకాలి సంగతి ఒక్క మాటలో తేల్చేసి, "తిన్నాడా?" అని అడిగేది. కొంచెం తిన్నాడని అమ్మా నేనూ వంతులు వేసుకుని చెప్పేవాళ్లం. ఒకరోజు నాయన ఫోనెత్తి నిజం చెప్పేశాడు. అవ్వ ఫోన్ నాకిమ్మంది.

"సామికి మొక్కుకున్నాను రా. వాడు అన్నం ముడితే కొండెక్కి గుండు చేయిస్తానని."

"ఆపరేషన్ అయిన కాలితో ఎట్ల ఎక్కుతావవ్వా? అయినా గుండు నీకెందుకు?"

"నాకు కాదప్పా. నాకేముండాది, నాలుగెంటికలు. సామికి అంత తక్కువగా ఇయ్యొచ్చునా? నీదే మొక్కినాను."

మా వైపు ఇళ్లలో ఇదొక పద్ధతి. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరి జుట్టు మొక్కుకుంటారు, ఆ ఇంకొకర్ని అడగాలని ఎవరికీ తోచదు. పైగా ఆఫీసులో నాకు శాశ్వతమైన గుర్తింపు కార్డు ఇవ్వబోతున్నారు, వచ్చే వారం ఫోటో. ఆ ఫోటో కోసమే జుట్టును ఒక ఆకారానికి తెచ్చుకుంటున్నాను. మణి తినాలని దేవుణ్ణి వేడుకుంటూనే, సోమవారం ఫోటో అయ్యాక తింటే బాగుండునని మనసులో ఒక మూల అనుకున్నాను (దేవుడికి ఈ రెండో మాట వినిపించకూడదని ఇంకొక మూల).

అమ్మా నాయనా నేనూ వాణ్ణి తిరువళ్లూరులో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ వాడి పళ్లూ చెవులూ పొట్టా నెమ్మదిగా చూసింది, జ్వరం చూసింది, రక్తం తీసి పరీక్షించింది. రోగమేమీ లేదంది. ఆమె అరవంలో ఒక్కొక్కటే అడిగింది: అన్నం మార్చారా, పళ్లెం మార్చారా, పెట్టే చోటు, పెట్టే వేళ? ఏదీ మారలేదన్నాం. ఇంట్లోకి ఎవరైనా కొత్తగా వచ్చారా, ఎవరైనా వెళ్లారా? అవ్వ వెళ్లింది అని ముగ్గురం ఒకేసారి చెప్పాం. "అదే మరి" అన్నట్టు ఆమె తలూపి, వాణ్ణి పెద్దామె దగ్గరికి తీసుకెళ్లమంది. అక్కడా తినకపోతే ఆలస్యం చేయకుండా మళ్లీ తీసుకురండి, సెలైన్ పెట్టాలి, వయసైన కుక్క గదా అంది. ఆ చివరి మాట అమ్మ రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

మర్నాడు తెల్లవారుజామునే మామ తన లోడు బండి తెచ్చాడు. మా వైపు దాన్ని కుట్టియానై అంటారు, అంటే పిల్ల ఏనుగు. వంకాయల మూటలు దించేసిన ఆ బండి వెనక గోనెపట్టా పరిచి, మణిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, అమ్మ ముందు మామ పక్కన ఎక్కింది. మణవాళనగర్ వంతెన దాటేసరికి తూర్పున వెలుగు పడింది. దారి పొడుగునా పసుపు బట్టలు కట్టిన మనుషులు కావళ్లు భుజాన పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్లతో ఒకే వైపు నడుస్తున్నారు. "అరోహరా" అన్న మాట ముందు గుంపులో లేచి, వెనక గుంపు దాకా వచ్చి, మా బండి దాటి పోయేది. మణి నా మోచేతి మీద గడ్డం ఆనించి వాళ్లను చూస్తూ ఉన్నాడు. గాలికి నా జుట్టు వాడి కళ్ల మీద పడుతుంటే మెల్లగా రెప్పలు మూశాడు. అంత ప్రశాంతమైన ప్రయాణం నేను మళ్లీ చేయలేదు.

అత్త ఇంటి వరండాలో అవ్వ కర్ర పట్టుకుని నిలబడే ఉంది. మణి బండి ఆగకముందే దూకి ఆమె పాదాల దగ్గర పొర్లాడు, మూలిగాడు, ఆమె కట్టుకట్టిన మోకాలిని వాసన చూసి నాకాడు. అవ్వ ఏడ్చింది. అత్త ఏడ్చింది. మామ బండి అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగాడు. జబ్బు ఏమిటో తెలిసిపోయిందని అందరికీ మనసు తేలికపడింది. అప్పుడే వంట దించిన అత్త, ఇంకా కాకికే పెట్టలేదమ్మా అంటున్నా వినకుండా అవ్వ వేడన్నం చల్లార్చి, రసం పోసి, తన చేత్తోనే పిసికి మణి ముందు పెట్టింది.

వాడు అవ్వ ముఖంలోకి చూశాడు. పళ్లెం వైపు చూశాడు. తోక ఒకసారి ఊపి, పోయి గోడవారన పడుకున్నాడు.

అవ్వ పిసికిన చెయ్యి అలాగే పట్టుకుని కూర్చుంది. "నా మీద కూడా అలిగినాడా" అని చిన్నగా అంది. నాకు సెలైన్ మాట గుర్తొచ్చింది. అత్త మాత్రం, చేసే పని ఎలాగూ చేయాలి కదా అన్నట్టు, గరిటెడు అన్నం తీసుకుని వెనక వైపు పొట్టిగోడ మీద పెట్టి "కా, కా" అని పిలిచింది.

మణి చెవులు లేచాయి. లేచి, నీరసంగా తూలుతూ వెనక్కి పోయి, గోడకు ఎదురుగా కూర్చున్నాడు. మేము వాడి వెనకే పోయాం. కొండ వైపు నుంచి ఒక కాకి వచ్చింది, గోడ మీద వాలింది, తల వంచి మమ్మల్నందరినీ ఒకసారి చూసి ముద్ద పొడిచింది. మణి కదలకుండా చూశాడు. అది తిని ఎగిరిపోయాక వాడు లేచి, మా కాళ్ల మధ్యనుంచి దూరి వరండాలోకి పోయాడు. మేము చేరేసరికి పళ్లెం సగం ఖాళీ అయింది.

అమ్మ మెల్లగా, తను కాకికి పెట్టడం ఒక్కరోజూ తప్పలేదని చెప్పింది. నిజమే. అయితే ఆమె తీగ మీద బట్టలు ఆరేయడానికి మిద్దెక్కినప్పుడే ఆ పనీ ముగించి వచ్చేది. అవ్వ మోకాళ్లు మెట్లు ఎక్కలేకే ఇన్నాళ్లూ కింద పెరటి గోడ మీద పెట్టేది. పైన కాకి రోజూ కడుపు నిండా తింటోంది, కింద వీడు అది కనబడక పస్తులున్నాడు. డాక్టరమ్మ అన్నీ అడిగింది గానీ, కాకి కూడా మణి భోజనంలో భాగమని మాకే తెలియనప్పుడు ఆమెకెలా చెబుతాం?

అవ్వ మాత్రం పళ్లెం నాకుతున్న మణినే చూస్తూ ఉంది.

"మీ తాత పోయినాక వీడు ఆ తిన్నె కాడనే కూర్చొని ఎదురుచూస్తా ఉన్నాడు రా. ఏం పెట్టినా తినలా. నాకు పావమనిపించి, ఉండప్పా, ముందు తాత తిననీ, మిగిలింది నీకే అని కాకిని చూపించినాను. అది తిని పోయినాక, తాత తినేసినాడు చూడు అంటే అప్పుడు తిన్నాడు. దినమూ అదే చెప్తా ఉండా. ఊరికే వాడి మనసు నిలిచేదానికి చెప్పినా. వాడు నమ్మినాడని నాకేం తెలుసు?"

కాసేపటికి ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, నా జుట్టు వైపు చూసింది. కొండ అత్త ఇంటి వాకిట్లోంచి కనిపిస్తూనే ఉంది, తప్పించుకునే దారి లేదు. మధ్యాహ్నానికల్లా చందనం పూసిన గుండుతో తిరిగొచ్చాను. మణి నన్ను చూసి మొరిగాడు. ఎవరి కోసమైతే గుండు చేయించుకున్నానో వాడే నన్ను ఇంట్లోకి రానివ్వకపోతే, అవ్వ కర్ర పట్టుకుని పడిపడి నవ్వింది. ఆపరేషన్ తరవాత ఆమె అంతగా నవ్వడం అదే మొదటిసారని అత్త చెప్పింది. సోమవారం ఫోటో తీశారు. ఉడకబెట్టిన గుడ్డుకు కళ్లూ మీసాలూ పెట్టినట్టున్న ఆ ముఖం కొన్నేళ్లపాటు నా మెడలో వేలాడింది.

అవ్వ తిరిగొచ్చేదాకా పెరటి గోడ పని నాకే పడింది. ముద్ద పెట్టి, "తాతా రా" అని పిలిచి, మణి పక్కనే నేనూ కూర్చునేవాణ్ణి. కొన్ని రోజులు కాకి తొందరగా రాదు. పొగ వంగుతుంటుంది, చెరువు గాలి వీస్తుంటుంది, అవతల బస్సు హారన్ వినిపించి దూరమైపోతుంది. ఆఫీసులో ఎందుకు ఆలస్యమని అడిగితే ఏం చెప్పను? మా తాత ఇంకా తినలేదు సార్ అనలేక రైలు మీదికి తోసేసేవాణ్ణి.

ఇప్పుడు మణవాళనగర్‌లో మూడో అంతస్తులో ఉంటున్నాం. అవ్వ లేదు, మణీ లేడు. జుట్టు కూడా ఏ మొక్కూ అవసరం లేకుండా తనంతట తనే పోయింది. బాల్కనీ పిట్టగోడ మీద నేను పొద్దున్నే ఒక ముద్ద పెడతాను. కాకి వచ్చేదాకా నాకు చెయ్యి పళ్లెంలోకి పోదు. ఈరోజు అది ఆలస్యంగా వచ్చింది. కొంచెం తిని, చివరి ముద్దను ముక్కున కరుచుకుని పూండి వైపు ఎగిరిపోయింది.

"అది ఎవరికి తీసుకపోతా ఉండాది డాడీ?" అని మా పాప అడిగింది.

"మణికి" అన్నాను. వాళ్లమ్మ దగ్గరికి పోయి చెప్పింది, డాడీకి పిచ్చి పట్టిందని. అక్కడే నిలబడి ఆ కాకి కనుమరుగయ్యేదాకా చూశాను. గాలి వీచింది. అలవాటుగా చెయ్యి నుదుటి మీదికి పోయింది, వెనక్కి తోయడానికి అక్కడ ఏమీ లేదు. నవ్వుకుని, పళ్లెం ముందు కూర్చున్నాను.