బుడగ అంచున రబ్బరు

అబద్ధం చెప్పడానికి మనిషి కావలసివచ్చి మా బావ నన్ను వేలూరుకు వెంట తీసుకుపోయాడు.

బావ అంటే మా అక్క భర్త, గుడియాత్తంలో మేస్త్రి. కొత్తగా డబ్బు చేరిన వాళ్లందరూ నేలకు గ్రానైటే కావాలనడం మొదలైన రోజులవి. మిషను పెట్టి రాళ్లు కోసి కోసి, ఆ తెల్లపొడి పీల్చి పీల్చి ఆయన దగ్గు తెచ్చుకున్నాడు. వేలూరు ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూశాడు. ఊపిరితిత్తుల్లో రాతిపొడి పేరుకుపోయిందనీ, మందు ఆయాసం తగ్గిస్తుంది గాని దాన్ని కడిగెయ్యలేదనీ చెప్పాడు.

తిరుగు బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, "మీ అక్కకు చెప్పబాకరా. గ్యాసు అని చెప్పు. నేను చెప్తే మొగం చూసి కనుక్కుంటాది. నీ మొగంలో ఏమీ తెలీదు, పుట్టినప్పట్నుంచీ అట్లే ఉండాది" అన్నాడు.

బస్సు కే.వి.కుప్పం దాటేలోపు గ్యాసుకొక డాక్టరును, ఆ డాక్టరుకొక నత్తిని, ఆ నత్తిని వెక్కిరించి ఉద్యోగం పోగొట్టుకున్న నర్సును తయారుచేశాను. అక్క అంతా విని నవ్వి, బావకు మిరియాల చారు పెట్టింది. నమ్మిందనుకున్నాం.

అప్పటికి చాలాకాలంగా ఇంటి వెనక రేకుల షెడ్డులో, సెంట్రింగ్ పలకల పక్కన, బావ ఒక చిన్న విమానం కడుతున్నాడు. మద్రాసులో ఒకరింటికి నేల వెయ్యడానికి పోయి, ఆ ఇంటాయన సొంతంగా కట్టుకుంటున్న విమానం చూసి, పటాలు అడిగి తెచ్చుకున్నాడు. రెక్కలు వచ్చాయి, ఇంజను మాత్రం ఇంకా బేరంలోనే ఉంది. వీధిలో పోయేవాళ్లు "ఏం మేస్త్రీ, ఒడుగత్తూరుకు టికెట్టెంత?" అని అరిస్తే, "నీకు అర టికెట్టు చాలప్పా, తలకాయ ఖాళీ గదా" అనేవాడు.

వేలూరు నుంచి వచ్చాక ఇంజను ఊసు మానేశాడు. ధ్యాసంతా పైమూత మీదే. కూర్చునేవాడి తలమీదికి దిగే ఆ మూతను మేము బుడగ అనేవాళ్లం. వేలూరులో షాపుల బోర్డులు చేసే ఆయన ప్లాస్టిక్ పలకను వేడిచేసి వంచి ఇచ్చాడు. అది విమానం చట్రం మీద కుదురుగా కూర్చోలేదు. ఒకచోట వేలు దూరేది, ఇంకోచోట పట్టేసేది. బస్సు కిటికీ రబ్బరు పెడితే మందమైంది. పేర్ణాంబట్టు నుంచి తోలుపట్టీ తెచ్చి పెడితే తడికి ఉబ్బింది. చివరికి బావకు తన పనే దారి చూపింది. స్లాబు పోసేటప్పుడు సెంట్రింగ్ పలకకు నూనె పూస్తే కాంక్రీటు అంటుకోదు కదా! బుడగ అంచుకు కొవ్వొత్తి మైనం రుద్ది, చట్రం చుట్టూ సిలికాన్ జిగురు ధారగా వేసి, అది మెత్తగా ఉండగానే మూత దించాడు. వంకర ఎట్లా ఉంటే జిగురు అట్లా ఒదిగి ఆరింది. మూత ఎత్తితే, చట్రం మీద రబ్బరు అంచు అచ్చుపోసినట్టు నిలిచింది.

సందులున్నాయో లేదో చూడాలి కదా. నన్ను లోపల కూర్చోబెట్టాడు.

"నోరు మూయకుండా ఏందో ఒక కోత కొయ్యి. నీ గొంతు యాడ వినిపిస్తే ఆడ సందు ఉండాది."

ఎండిన పాలారులో మొసలినెక్కి ఆంబూరు పోయిన కథ ఎత్తుకున్నాను. బావ అంచుకు చెవి ఆనించి చుట్టూ తిరుగుతూ సుద్దతో గీతలు పెట్టాడు.

"ఈడ మొసలి కారతా ఉండాదిరా!"

గీతలున్న చోటల్లా మళ్లీ జిగురు, మళ్లీ మొసలి. ఆఖరికి నేను గొంతు చించుకున్నా ఆయన వినబడలేదని తల ఊపుతూ నవ్వాడు. నవ్వు దగ్గయింది. ఆ భుజాలు ఎగిరెగిరి పడడం లోపలినుంచి చూస్తున్నాను గాని, నాకు చప్పుడే రాలేదు. ఏమీ తెలియని నా మొహంలో కూడా ఆ సంగతి ఆయనకు కనిపించినట్టుంది. దగ్గు ఆగాక కూడా చాలాసేపు బుడగ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

ఆ తర్వాత దగ్గు తెర వస్తోందని తెలిస్తే చాలు, "స్క్రూలు బిగించొస్తా" అంటూ షెడ్డుకు పోయేవాడు. బుడగ దించుకుని గడియ వేసుకునేవాడు. నేను వంటింటి గడప మీద కూర్చుని అక్కకు కథలు చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం అక్క నా కథ మధ్యలో చేతులు కడుక్కుని లేచి షెడ్డుకు నడిచింది. బుడగ లోపలంతా ఆవిరి పట్టి తెల్లగా ఉంది. బావ కనబడలేదు. అక్క ఆ గడియకు బయట ఉన్న పిడి తిప్పి మూత ఎత్తగానే వేడి మా మొహాలకు కొట్టింది. ఆయన చెమటలో నానిపోయి, తువ్వాలు నోట్లో కుక్కుకుని ఉన్నాడు.

"గ్యాసా?" అంది అక్క.

బావ నావైపు చూశాడు.

"పక్కన పండుకునేదాన్ని, నాకు తెలీదా ఏమయ్యా? మీరిద్దురూ అంత కష్టపడి దాస్తా ఉండారు గదా అని గమ్మునుంటిని. ఇట్లా మూతేసుకోని ఊపిరాడకుండా పోతే నేనెవురిని అడగాల? దగ్గేదేందో నా ముందర దగ్గు."

గోడకు తగిలించిన తాపీ తీసుకుని రబ్బరు అంచును చెక్కడం మొదలుపెట్టింది.

"మెల్లగా తియ్యి," అన్నాడు బావ, "పెయింటు పోతాది."

ఆ తర్వాత ఆయన వాకిట్లో మంచం మీదే దగ్గాడు. ఇల్లంతా వినిపించేది. అక్క పొయ్యి దగ్గరినుంచే వింటూ ఉండేది. కాసేపు వినబడకపోతే గరిటె చేతబట్టుకునే వచ్చి చూసి పోయేది. ఒకరోజు అట్లాగే వచ్చి, ఆయన కనురెప్పలు చేత్తో మూసి మంచం పక్కనే కూర్చుంది, మళ్లీ వంటింట్లోకి పోలేదు.