అమ్మ సాక్ష్యం, పిన్ని మెడ

డిగ్రీ పాసైన వారంలోనే ఆత్మకూరులో బస్సు మారి ఉదయగిరి వైపు మా ఊరికి బయల్దేరాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. కానీ నన్ను సీట్లో కుదురుగా కూర్చోనివ్వని కబురు అది కాదు.

చివరి ఏడాది క్లాసులో చైనా సంగతి చెప్పారు. అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ కేసులు ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చాయట. చావులు మాత్రం ఆ వేగంతో పెరగలేదట. మెడకు స్కానింగులు ఎక్కువయ్యేసరికి, ఇదివరకు ఎవరికీ కనబడని గింజంత గడ్డలు కూడా బయటపడుతున్నాయి. అలాంటివాటిలో కొన్నింటిని కోయకుండా, డాక్టరు కనిపెట్టి చూస్తూ ఉండొచ్చట.

మా పిన్నికి దొరికింది గింజంత గడ్డే. సోమవారం ఆపరేషన్.

అంతకుముందు అమ్మకూ అలాంటిదే తీశారు. చర్చిలో పాట ఎత్తే అమ్మ గొంతు ఆ తర్వాత బొంగురుపోయింది. పాట మానేసి సాక్ష్యం చెప్పడం మొదలుపెట్టింది. "దేవుడు నన్ను క్యాన్సరు నోట్లోంచి లాగినాడు" అనేది. అది విన్న ఆడవాళ్లు ఆత్మకూరు పోయి మెడకు స్కానింగ్ తీయించుకునేవారు. పిన్ని పోయిందీ అలాగే.

గడప దాటుతూనే గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను.

పిన్ని నవ్వింది. "ఏందిమే, అప్పుడే డాక్టరమ్మవైపోయినావా? చైనావోళ్ల మెడలతో మనకేం పని?"

"నా మాట వినొద్దులే పిన్నీ. నెల్లూరులో ఇంకో డాక్టర్ని అడుగుదాం. ఆయన కోయమంటే కోయించుకో."

ఆమె నవ్వు ఆగిపోయింది. అమ్మ వైపు తిరిగింది. "అక్కా, నువ్వు చెప్పు. ఆగేదా?"

అమ్మ కందిపప్పు చాట పక్కకు నెట్టి నన్ను చూసింది. "అయితే నాది గూడా కోయకుండా ఆగుండొచ్చా?"

"తెలీదమ్మా. ఆగుండొచ్చేమో."

"ఏమో అంటే ఏంది? నా పాట ఊరికే పోయిందంటావా?"

అమ్మ చాట మళ్లీ దగ్గరికి లాక్కుంది. చెల్లెలి మొహం చూడకుండానే అంది, "పోయి కోయించుకో."

సోమవారం పొద్దున బస్సుకే ఇద్దరూ ఆత్మకూరు వెళ్లారు. నన్ను రమ్మనలేదు.

ఇప్పుడు ఇద్దరూ రోజూ పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగుతారు. ఆదివారం ఇద్దరూ సాక్ష్యం చెబుతారు. అందరూ స్తోత్రం అంటూ ఉండగానే, ముందు వరుసలో ఎవరో ఒకామె చెయ్యి మెల్లగా మెడ మీదికి పోతుంది.