హైమవతమ్మగారి ముక్కు, మూర్తిగారి అలారం

చిక్కడపల్లిలో మా ఎదురు వాటాలో ఉండే హైమవతమ్మగారికి వాసన తెలియదు. హైదరాబాదు వచ్చిన కొత్తలో పట్టుకున్న విషజ్వరం, పోతూ పోతూ దాన్ని కూడా పట్టుకుపోయింది. ఈ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కట్టుకున్న భర్తకు కూడా. చెబితే వంటిల్లు చేజారిపోతుందని భయం. కాకినాడలో ఆయన అక్కగారు ఒకావిడ, తమ్ముడు ఎప్పుడు పిలుస్తాడా, వచ్చి గరిటె ఎప్పుడు పట్టుకుందామా అని కాచుకుని ఉన్నారు. ఆవిడ దిగితే ఇక తనకు మిగిలేది చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యడమేనని హైమవతమ్మగారికి బాగా తెలుసు.

కుంపటి మీద వండినన్నాళ్ళూ ముక్కు లేకపోయినా రోజులు వెళ్ళిపోయాయి. పొగ వస్తే కళ్ళు చెప్పేవి. గ్యాసు పొయ్యి వచ్చాక చిక్కు వచ్చిపడింది. బిగించడానికి వచ్చిన మనిషి, "గ్యాసు కంటికి కనపడదు, వాసనే గుర్తు. వాసన వస్తే అగ్గిపుల్ల గియ్యకండి" అని చెప్పి వెళ్ళాడు. ఆవిడ తలుపు చాటు నుంచి బుద్ధిగా తల ఊపారు. ఆ తర్వాత పప్పు మాడి వీధంతా కంపు కొడుతున్నా, ఆవిడ నింపాదిగా వత్తులు చేసుకుంటూ కూర్చునేవారు. ఒకసారి గాలికి మంట పోయి గ్యాసు వదిలేసి ఉంటే, ఆఫీసు నుంచి వచ్చిన భర్త మూర్తిగారే పసిగట్టి కట్టేశారు.

శ్రీరామమూర్తిగారు దీన్ని మతిమరుపని తేల్చేశారు. ఆయన దృష్టిలో ఏ రోగానికైనా మందు యంత్రమే. ఆ ఏడాది ఊళ్ళో తెలంగాణా గొడవలు. ఆఫీసుకు బయలుదేరడం, సగం దారిలోంచి వెనక్కి రావడం. చేతినిండా తీరిక. సుల్తాన్ బజార్ వెళ్ళి అలారం గడియారం ఒకటి కొనుక్కొచ్చారు. పొయ్యి పిడికి పురికొస కట్టి, రెండో కొస గడియారం వెనకాల ఉండే అలారం కీకి బిగించారు. అలారం మోగుతున్నంతసేపూ ఆ కీ తనంతట తాను తిరుగుతుంది కదా, తిరుగుతూ పురికొసను చుట్టుకుంటుంది. పురికొస పిడిని లాగుతుంది. పొయ్యి ఆగిపోతుంది.

వాడలో వాళ్ళందరినీ పిలిచి చూపించారు. మేమంతా కాఫీ తాగి మెచ్చుకున్నాం.

"ఇక నువ్వు మర్చిపోయినా ఫరవాలేదు. ఇది ఉండగా కూడా ఇంకోసారి ఇంట్లో గ్యాసు నిండిందా, మా అక్కని రప్పించేస్తాను" అన్నారు భార్యతో.

గడియారానికి టైము తెలుసు గాని, మంట ఉందో పోయిందో తెలియదు. విదేశీ పొయ్యిల్లో మంట పక్కనే చిన్న లోహపు కడ్డీ పెడతారనీ, అది వేడిగా ఉన్నంతసేపే గ్యాసుకు దారి ఉంటుందనీ, మంట పోయి చల్లారగానే దారి మూసుకుంటుందనీ నేను తర్వాతెప్పుడో లైబ్రరీలో చదివాను. మూర్తిగారి గడియారానికి అంత తెలివి లేదు.

ఒక ఉదయం హైమవతమ్మగారు పాలు పొయ్యి మీద పెట్టి, ఎందుకైనా మంచిదని అలారం కూడా తిప్పారు. ఇంతలో కింద కుళాయి వచ్చింది. బిందె చంకన పెట్టుకుని, మెట్ల దగ్గర కనిపించిన ఇంటివాళ్ళ కోడలు కమలతో, "అమ్మాయ్, పాలు పొంగొచ్చేలోపు పొయ్యి కాస్త ఘనం చేసెయ్యవూ" అని దిగిపోయారు.

ఆవిడ పుట్టి పెరిగిన ఇళ్ళల్లో దీపాన్నీ నిప్పునీ ఆర్పడం అనరు. అశుభం. ఘనం చెయ్యడం అంటారు. కమల ఆ మాట ఎన్నడూ విననే లేదు. ఘనం అంటే పెద్దదని బళ్ళో చదువుకున్న పిల్ల. పెద్దావిడ చెప్పిన పని కాదనకుండా మంట బాగా పెంచి, తన పని మీద వెళ్ళిపోయింది. పాలు బుస్సున పొంగి మంటను ముంచేశాయి. గ్యాసు మాత్రం వస్తూనే ఉంది.

హైమవతమ్మగారు బిందె దించి చూశారు. మంట లేదు. పొయ్యి మీద పాలు ఒలికి ఉన్నా, కమల కాస్త ఆలస్యంగానైనా చెప్పిన పని చేసిందనుకున్నారు. కూర పెడదామని అగ్గిపెట్టె తీశారు.

"చిన్నమ్మా, పుల్ల గియ్యకు!" కమల పరుగెత్తుకొచ్చి అగ్గిపెట్టె లాగేసుకుంది. "గింత వాసన గుప్పుమంటున్నది, నీకు వస్తలేదా?"

"ఘనం చెయ్యమంటే కట్టెయ్యమనే కదుటమ్మా" అన్నారావిడ. సరిగ్గా అప్పుడే అలారం మోగింది. పురికొస చుట్టుకుని పిడిని లాగింది. గడియారం తన డ్యూటీ తాను చేసింది.

ఆ మోతకు మూర్తిగారూ, మేమూ వచ్చాం. కిటికీలు తెరిచాం.

"ఎవరు చేశారిది?" అన్నారాయన.

"నేనే బాబాయ్" అంది కమల, ఏడుపు గొంతుతో. "చిన్నమ్మ ఘనం చెయ్యమన్నది. పెద్దగ చేసిన. గట్లంటె బంద్ చేసుడని నాకేమెరుక?"

"ఆమాత్రం తెలుగు రాదుటమ్మా?"

"మాది తెలుగు గాదా బాబాయ్?"

ఆ ఏడాది ఆ మాట ఎంత దూరమైనా పోగలదు. కింద నుంచి కమల అత్తగారు, "ఏందే గా లొల్లి?" అని కేకేసింది. పిల్ల మొహం పాలిపోయింది. హైమవతమ్మగారు ఊరుకుంటే చాలు, తప్పు ఆ ఒక్క మాట మీదికి పోతుంది. వంటిల్లు తనకే మిగులుతుంది.

"ఆ పిల్లనేమీ అనకండి" అన్నారావిడ. "అదే లేకపోతే ఈపాటికి నేను పుల్ల గీసేసి ఉందును. నాకు వాసన రాదండీ. ఏళ్ళయింది."

కాకినాడావిడ పెట్టె సర్దుకోవడమే తరువాయి అనుకున్నాం మేమంతా.

ఆవిడ రాలేదు. మర్నాడు మూర్తిగారు పురికొస విప్పేసి, వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని పేపరు పట్టుకున్నారు. అంతవరకు అన్నానికీ, యంత్రానికీ తప్ప అటు తొంగి చూడని మనిషి.

చారులో పోపు పడగానే కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతారు. "గ్యాసు! గ్యాసు!"

"ఇంగువండీ" అన్నారావిడ. గరిటెడు చారు గిన్నెలో పోసి ఆయనకు అందించారు. "సరిపోయిందా? ఎక్కువైందో తక్కువైందో తెలియక, ఇన్నేళ్ళూ నాకు రోజూ భయమే."

"ఎప్పుడూ ఎక్కువే వేస్తావు."

"మరి ఒక్కసారైనా చెప్పలేదేం?"

"నువ్వు చెప్పావా?" అన్నారు మూర్తిగారు.