పెంటయ్య వెళ్లిన దారి

రాజమ్మ మాదాపూర్‌లోని ఒక ఆఫీసు టవరులో ఏడో అంతస్తు తుడుస్తుంది. ఆదివారం మాత్రం మందిరం తుడుస్తుంది. మందిరమంటే క్రైస్తవ ప్రార్థనల కోసం టిఫిన్ సెంటరు పైన కిరాయికి తీసుకున్న హాలు. పన్నెండేళ్లుగా అక్కడ చాపలు పరిచేది ఆమే, తాగునీళ్లు మోసేదీ ఆమే. శుక్రవారం ఉపవాసం ఒక్కటీ తప్పలేదు.

ఆమె భర్త పెంటయ్య ఆ మెట్లు ఎక్కిన మనిషి కాదు. తాగాడు, కొట్టాడు. నిరుడు దవాఖానలో, పోయే ముందురోజు, పాస్టర్ శేఖర్ చెయ్యి పట్టుకుని "నమ్ముతున్న అయ్యా" అన్నాడు. అంతే.

ఈ ఆదివారం అతని జ్ఞాపకార్థ కూటం. ఇంటివాళ్లు లేచి సాక్ష్యం చెప్పడం ఆ సంఘంలో ఆనవాయితీ. "నా భర్త ప్రభువు దగ్గరున్నాడు" అని రాజమ్మ చెప్పాలి. వారం రోజులుగా ఆ మాట నోటికి రావడం లేదు.

శనివారం లిఫ్టు పక్కన మాపు పిండుతూ, తనతో పనిచేసే నర్సమ్మకు చెప్పుకుంది. నర్సమ్మ ఎల్లమ్మను కొలిచే మనిషి.

"మీ దేవుని కాడ హాజరు ఎయ్యరా ఏందే? ఆఖరి దినం వచ్చినోడు, నువ్వు ఒకటేనా?"

"అయ్యగారు గట్లనే అంటడు. పరలోకం పనులతోని కాదంట, నమ్మితేనంట."

"మరి నువ్వెందుకు తుడుస్తున్నవ్?"

రాజమ్మ పిండిన మాపునే మళ్లీ పిండింది.

మర్నాడు అందరికంటే ముందే మందిరానికి వెళ్లింది. పాస్టరు భార్య అఖిల ఆమె చేతిలోని చీపురు లాక్కుంది.

"ఇయ్యాల కూటం నీ ఇంటిదక్కా. ముంగట కూసో."

రాజమ్మ కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. అఖిల ఊడ్చిన మూలలో దుమ్ము అలాగే ఉంది. చివరికి ఉండబట్టలేక పాస్టరు దగ్గరికి వెళ్లింది.

"అయ్యగారూ, కొట్టిన చేతులతోనే పోయిండా పరలోకానికి?"

"క్షమించిన చేతులమ్మా అవి."

"క్షమించింది దేవుడు. దెబ్బలు తిన్నది నేను."

ఈలోగా పాట మొదలైంది.

పాట అయ్యాక ఆమె పేరు పిలిచారు. రాజమ్మ లేచి కొంగు సర్దుకుంది.

"నా భర్త ఏం మంచి చెయ్యలే. నమ్ముతున్న అన్నడు, నేను ఇన్న. ప్రభువా, నువ్వు ఆయనను తీసుకున్నవంటే నాకు కోపంగనే ఉంది. పన్నెండేండ్ల నా పని చూపెట్టి లోపలికొస్త అనుకున్న. అది చూసేటోడివి కాదంట నువ్వు. ఇగ నా తాన ఏం లేదు. ఆయనను ఎట్ల రానిచ్చినవో నన్ను గూడ గట్లనే రానియ్యి."

ఆమేన్ అనాలో వద్దో తెలియక హాల్లో వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రాజమ్మ కూర్చుని చేతులు ఒళ్లో బోర్లించుకుంది. వెంటనే మళ్లీ తిప్పి, ఖాళీ అరచేతులు పైకి చాపింది.