బెత్తెడు పైన గీసిన గీత

నా చిన్నప్పుడు బందరులో మా వీధికి ఒక జబ్బు ఉండేది. ఎవరైనా ఇల్లు బాగు చేయించుకుంటే, ముందు నాలుగు బళ్ల మట్టి తోలించి వాకిలి మెరక చేసుకునేవారు. వాళ్ల వాకిట్లో నిలవని వాన నీళ్లు పక్కింటికి పోయేవి. ఏడాది తిరక్కుండా ఆ పక్కింటివాళ్లు అంతకంటే ఎత్తు లేపేవారు. ఇలా పంతాలకు పోయి అందరూ లేచారు. చివరికి వీధి నీళ్లన్నీ చేరడానికి మా పక్కింటి నానీ ఇల్లు ఒక్కటే మిగిలింది.

నానీ అంటే ఉర్దూలో అమ్మమ్మ అని. వీధి మొత్తానికీ ఆవిడ నానీయే. ఒంటరి మనిషి, వాకిట్లో సేమ్యాలు ఆరబెట్టి అమ్ముకునేది. మా అమ్మ ఆస్పత్రిలో ఆయా డ్యూటీకి వెళ్లిపోతే నాకు జడ వేసి, అన్నం పెట్టి బడికి పంపింది ఆవిడే. ఒక ఏడాది వానలకు ఇంట్లోకి నీళ్లొస్తే మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టుకుని వారం రోజులు మంచం మీదే గడిపింది. గుడివాడ నుంచి కొడుకు వచ్చి, ఇల్లు అమ్మేసి తనతో వచ్చెయ్యమని పట్టుబట్టాడు. ఆవిడ ట్రంకుపెట్టె సర్దుకోవడం చూసి నాకు రెండు రోజులు ముద్ద దిగలేదు.

మా తాతయ్య తాపీ మేస్త్రి. మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంటికొకరిని మా అరుగు దగ్గరికి పిలిచాడు. మురుక్కాలవ కావాలని కొందరు, రోడ్డు ఎత్తు చేయించాలని కొందరు, మునిసిపాలిటీకి అర్జీ పెడదామని ఇంకొందరు, ఒకటే గోల. అంతా విని తాతయ్య, "ఇంటికో ఎత్తయితే కాలవ తవ్వి మాత్రం ఏం లాభమండీ? ఇంకో ఇరవై ఏళ్లకి మన వీధి ఎలా ఉండాలో ముందది అనుకుందాం. అర్జీ తర్వాత రాద్దాం" అన్నాడు.

నీళ్లు నింపిన పొడవాటి ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. దాని రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి మేస్త్రీలు ఎత్తులు అలాగే చూసుకుంటారు. ఆ మట్టాన్ని బట్టి ప్రతి గోడ మీదా ఎర్ర గీత గీయాలి. ఎవరు ఎప్పుడు కట్టుకున్నా వాకిలి ఆ గీతకు సరిగ్గా మూరెడు కింద ఉండాలి. అనుమానాలు లేకుండా ఎవరింటి దగ్గర వాళ్లే కొస పట్టుకుని గీసుకోవాలి. అందరూ ఒప్పుకున్నారు.

మా ఇంటి వంతు వచ్చేసరికి తాతయ్య నానీ గోడ దగ్గర అవతలి కొస పట్టుకుని, ఇవతలి కొస నాకిచ్చాడు. నాకు పదేళ్లు. మూర కర్ర పెట్టి చూశాను. నీళ్లు నిలిచిన చోటు మూరెడు లేదు, బెత్తెడు తక్కువుంది. అంటే మా వాకిలే నాలుగు వేళ్ల ఎత్తు ఎక్కువ. మేస్త్రి ఇల్లే తప్పని తేలితే అందరూ నవ్వుతారని భయపడి, నీటిమట్టం మీద కాకుండా బెత్తెడు పైకి గీత గీసేశాను.

తాతయ్య వచ్చి గొట్టం చూశాడు, గీత చూశాడు, నన్ను చూశాడు. దెబ్బలు ఖాయమనుకున్నాను. ఆయన భుజం మీది తువ్వాలుతో తడి రంగు తుడిచి, సరైన చోట మళ్లీ గీశాడు. ఆ తర్వాత అందరి వైపు తిరిగి, "ఈ వీధిలో మొదట మెరక వేసింది నేనేనండీ. నన్ను చూసే మీరంతా వేశారు. నానీగారింట్లో నిలిచేవి నా నీళ్లే" అన్నాడు. గునపం తెచ్చి సొంత వాకిలి తవ్వడం మొదలుపెట్టాడు. మొదటి తట్ట నా నెత్తి మీద పెట్టి, నానీ వాకిట్లో పొయ్యమన్నాడు.

నానీ గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుంటూనే, "నా సేమ్యాల మీద పొయ్యమాకే పిల్లా!" అని అరిచింది. సాయంత్రానికి ఇంకో నలుగురు గునపాలు తెచ్చి తమ వాకిళ్లు తవ్వడం మొదలుపెట్టారు. మూలింటి బట్టల కొట్టాయన మాత్రం ఏడేళ్లపాటు బిగుసుకుని, ఇల్లు తిరగకట్టుకున్నప్పుడు దిగొచ్చాడు. తర్వాత పక్క వీధులవాళ్లూ ఆ గొట్టం అడిగి పట్టుకెళ్లారు. వీధి మొత్తం గీతకు రావడానికి ఇరవై ఏళ్లు దాటింది. తాతయ్య అది చూడలేదు. నానీ మాత్రం పెట్టె విప్పి, కళ్లు మూసేదాకా ఆ ఇంట్లోనే ఉంది.

నేను చేసిన దొంగపని తాతయ్య ఎవరికీ చెప్పలేదు, నా దగ్గర కూడా ఆ మాట ఎత్తలేదు. నా తప్పును తన తప్పు వెనక దాచేశాడు. ఆ మేలు నేనెలా తీర్చుకోను! మొన్న మేం ఇల్లు తిరగకట్టుకుంటుంటే, మూడడుగులు లేపమన్నాడు ఇంజనీరు. పాత ప్రహరీ మీది గీత చూపించి కుదరదన్నాను. ఏ విషయంలోనైనా నాది కాస్త పైన ఉండాలనిపించినప్పుడు ఆ గీత దగ్గరికి వెళ్లి నాలుగు వేళ్లు ఆనించి చూసుకుంటాను. గోడవతల నానీ మునిమనవలు పొడి వాకిట్లో ఆడుకుంటూ ఉంటారు. మా బెత్తెడు మట్టి వాళ్ల కాళ్ల కిందే ఉంది.